బియ్యం జాబితాలో ముందు ఎవరి పేరు?



ఈ వారం ఒక లెక్కతో మొదలుపెడదాం. సముద్రానికి అయిదారు మైళ్ల దూరంలో ఒక విచారణ ఉందనుకోండి. ఊళ్లో 700 గడప. అందులో మన కతోలిక కుటుంబాలు 180. తుఫాను వచ్చి వెళ్లిన మూడోనాడు మేత్రాసన సాంఘిక సేవా కేంద్రం వారి లారీ వచ్చి దేవాలయం వరండాలో 200 బియ్యం బస్తాలు దించి పోయింది. విచారణ గురువులు ఉపదేశిగారిని, మరియదళం తల్లులను, నలుగురు యువకులను పిలిచి జాబితా రాయమన్నారు. కాగితం తెల్లగా ఉంది. మొదటి పేరు ఎవరిది?

మనవాళ్లందరికీ ఇంటికొక బస్తా ఇచ్చేస్తే 20 మిగులుతాయి. ఆ ఇరవై ఊళ్లోవాళ్లకు పంచి, ఫోటో తీయించి, కులమత భేదం లేకుండా సహాయం చేశామని పత్రికకు పంపుకోవచ్చు. కూడికలు, తీసివేతలు సరిపోతాయి. అడిగేవారు కూడా ఉండరు. కాని ఈ లెక్క సువిశేషానికి సరిపోతుందా?

మనవాళ్లకు ముందు ఇవ్వాలనే మాటను స్వార్థమని కొట్టిపారేయడం తేలిక. అలా కొట్టిపారేసేవాళ్లు చాలావరకు ఇల్లు తడవనివాళ్లే. ఆ మాట వెనుక ఉన్న బాధ ఏమిటో వినాలి. కోస్తా జిల్లాల్లో మన విశ్వాసుల్లో ఎక్కువమంది ఎక్కడ ఉంటారో మనకు తెలియనిది కాదు. ఊరి చివర పేటలో, కాలువగట్టు కింద, పల్లపు నేలలో. నీళ్లు ముందు వచ్చేది అక్కడికే, చివర పోయేదీ అక్కడినుంచే. సహాయం తెచ్చే లారీ పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగుతుంది గాని పేటదాకా రాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సహాయం పంచే చోట దళిత కుటుంబాలను పక్కకు నెట్టారని మానవ హక్కుల సంస్థలు నివేదికలు రాశాయి. అందుచేత పేటలోని ఒక తండ్రి వచ్చి, “అందరూ వాళ్లవాళ్లనే చూసుకుంటున్నారు. మాకు గుడి ఒక్కటే దిక్కు. ఆ గుడి కూడా ఊరందరిదీ అంటే మేం ఎక్కడికి పోవాలి ఫాదర్?” అని అడిగితే ఏం జవాబు చెబుతాం? ఆదివారం కానుక వేసింది ఆయనే. తపస్కాలంలో పిల్లలచేత డబ్బాలో చిల్లర వేయించింది ఆయన ఇల్లాలే.

పైగా ఆయనకు లేఖనం కూడా తోడు వస్తుంది. పునీత పౌలు గలతీయులకు రాస్తూ (6:10) అందరికీ మేలు చేయమని చెప్పి ఊరుకోలేదు. విశ్వాస కుటుంబానికి చెందినవారికి మరింతగా చేయాలని కూడా అన్నాడు. విచారణ సంఘ సమావేశాల్లో ఈ వాక్యంలోని రెండో సగమే ఎక్కువగా వినబడుతుంది. దానిని లేనట్టు నటించడం న్యాయం కాదు. పౌలు ఊరికే అన్న మాట కాదది. అంతియొకయలోని విశ్వాసులు, క్లౌదియ చక్రవర్తి కాలంలో కరువు వస్తుందని అగబు అనే ప్రవక్త చెప్పగా విని, ఎవరి శక్తికొద్దీ వారు పోగుచేసి యూదయాలోని సోదరులకు పంపారు. ఆ సొమ్ము మోసుకుపోయింది బర్నబా, ఈ పౌలే (అ.కా. 11). విశ్వాసులు విశ్వాసుల కోసం చేసిన సహాయం అది. శ్రీసభ చరిత్రలో విపత్తు సహాయం అక్కడే మొదలైందని చెప్పవచ్చు.

అయితే దానికి ముందే ఇంకొకటి జరిగింది. తొలి క్రైస్తవ సమాజంలో పైకి వచ్చిన మొదటి తగాదా దేనిమీదో గుర్తుందా? సిద్ధాంతం మీద కాదు, ఆరాధన క్రమం మీద కాదు, జాబితా మీద. అనుదినం జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను పట్టించుకోవడం లేదని సణుగుడు పుట్టింది (అ.కా. 6). గమనించండి, ఇరువైపులవారూ జ్ఞానస్నానం పొందినవారే. మనవాళ్లలోనే మళ్లీ ‘మనవాళ్లు’ వేరైపోయారు. అపోస్తలులు సణిగినవారిని మందలించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫాను, ఫిలిప్పు, ప్రొకోరు, నికానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఆ పేర్లన్నీ గ్రీకు పేర్లే! అన్యాయం జరుగుతోందని ఎవరు మొరపెట్టుకున్నారో వారి వైపునుంచే పంపకం చేసేవారిని తీసుకున్నట్టు కనబడుతోంది. మన సంఘాలకు ఇంతటి ధైర్యం వస్తే ఎంత బాగుండును!

విచారణ అనే గీత గీసుకుంటే ఆ గీత అక్కడితో ఆగదు. మొదట కతోలికులు అంటాం. తర్వాత పూజకు క్రమంగా వచ్చే కతోలికులు అంటాం. ఆ తర్వాత ఉపదేశిగారి వీధి, సంఘ పెద్దగారి చుట్టాలు. జాబితా రాసిన అనుభవం ఉన్న ఏ గురువునైనా అడగండి, నవ్వి ఊరుకుంటారు.

పునీత థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్నాడు. దగ్గరివారికి ఎక్కువ ఉపకారం చేయాలా అన్న చోట, అవును, మామూలుగా దగ్గరివారికే ముందు అన్నాడు. రక్తసంబంధం, ఊరు, విశ్వాసం, ఇవన్నీ దేవుడే కల్పించిన దగ్గరితనాలని ఆయన ఎరుగును. కాని ఒక షరతు పెట్టాడు. పరాయివాడు ప్రాణాపాయంలో ఉండి, కన్నతండ్రికి అంత అవసరం లేనప్పుడు, ఆ పరాయివాడికే ముందు సహాయం చేయాలన్నాడు. అంటే దగ్గరితనం లెక్కలోకి వచ్చేది ఇద్దరి అవసరమూ ఒకటే అయినప్పుడు. తుఫాను తర్వాత ఇద్దరి అవసరమూ సరిగ్గా ఒకటే కావడం చాలా అరుదు.

ఇంకొక మాట కూడా చేర్చాలనిపిస్తుంది. తండ్రి తన జేబులోంచి తీసి తన బిడ్డకు ఇస్తున్నాడు. జాబితా రాసే వాలంటీరు జేబులోంచి ఏదీ పోవడం లేదు. ఆ బియ్యం ఎవరో ఎక్కడో ఇచ్చినవి, ఆకలిగొన్నవారి పేరు చెప్పి అడిగి తెచ్చినవి. కాబట్టి ఆయన తండ్రి స్థానంలో లేడు, గృహనిర్వాహకుడి స్థానంలో ఉన్నాడు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మన అబ్బాయి ‘మా పేటవాళ్లకు’ అని చెప్పి డబ్బు పంపితే అది వేరే విషయం. అతను తనవాళ్లకు ఇచ్చుకుంటున్నాడు. అది పుణ్యమే. ఆ డబ్బు అతను చెప్పినట్టే పేటకు చేరాలి, దానికి లెక్క వేరే రాయాలి. కాని ఊరంతా మునిగిందని చెప్పి తెచ్చిన బస్తాలను పేటకు మాత్రమే మళ్లించడం, ఎంత ప్రేమతో చేసినా, మాట తప్పడమే.

మరి పౌలు చెప్పిన ఆ ‘విశేషంగా’ అన్నది గాలికి పోయినట్టేనా? విశ్వాస కుటుంబానికి తన గురువుల మీద, తన దేవాలయం మీద ప్రత్యేకమైన హక్కు ఏదీ లేదా? ఉంది. అది బియ్యం మీద కాదని నా మనవి. అది ఏమిటో తెలియాలంటే దివిసీమకు వెళ్లాలి.

1977 నవంబరు 19 శనివారం. కృష్ణా డెల్టా మొనలో నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల మీదికి సముద్రం లేచి వచ్చింది. తాటిచెట్టంత అల అని అక్కడివారు చెప్పుకుంటారు. పదివేలమందికి పైగా చనిపోయారు. సొర్లగొంది వంటి పల్లెలు నామరూపాలు లేకుండా పోయాయి. మర్నాడు ఆదివారం క్రీస్తురాజు పండుగ. ఆ ఏటి క్రమం ప్రకారం ఆనాటి సువిశేషం లూకానుంచి, సిలువమీద పశ్చాత్తాపపడిన దొంగ గురించి. ఉప్పెన మింగిన పల్లెల్లో ఆ ఉదయం పండుగ ఎవరికి గుర్తుంటుంది? మనుషుల శవాలు, పశువుల కళేబరాలు కలిసి పొలాల్లో, తుమ్మచెట్ల ముళ్లలో చిక్కుకుని ఉన్నాయి. పేరు తెలియదు, ఊరు తెలియదు, కులం మతం అసలే తెలియవు. కుప్పలుగా కాల్చారు, గోతుల్లో పూడ్చారు. వేరే దారి లేదు.

ఆ రోజుల్లో ఎవరెవరో వచ్చారు. మండలి వెంకట కృష్ణారావుగారు ఆ సీమను మళ్లీ నిలబెట్టడానికి పడిన పాటు అందరికీ తెలిసినదే. సినీనటులు జోలెపట్టి విరాళాలు తెచ్చారు. రామకృష్ణ మిషన్ వారు వచ్చారు, మన కతోలిక సంస్థలు వచ్చాయి. బియ్యం, బట్ట, కప్పుకు తాటాకు, ఇవి ఎవరు తెచ్చినా ఒకటే. రామకృష్ణ మిషన్ వారి అన్నం, మన కన్యస్త్రీలు వండిన అన్నం ఒకే ఆకలిని తీరుస్తాయి. కాని గోతి ఒడ్డున నిలబడి తన చెల్లెలి కోసం వెతుకుతున్న ఒక విశ్వాసికి అన్నం కాక ఇంకొకటి కావాలి. ఆ గోతి మీద ఎవరైనా ప్రార్థన చెప్పాలి. చావుబతుకుల్లో ఉన్నవానికి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం కావాలి. పిల్లవాడి చెయ్యి జారవిడిచి తాను మాత్రం చెట్టు పట్టుకుని బతికిన తల్లికి పాపసంకీర్తనం వినే గురువు కావాలి. అది పాపం కాదని చెప్పే గురువు కావాలి. వీటిని ప్రభుత్వమూ ఇవ్వలేదు, ఏ స్వచ్ఛంద సంస్థా ఇవ్వలేదు. విశ్వాస కుటుంబానికి ‘విశేషంగా’ ఉన్న హక్కు ఇది. మరణాపాయం ముంచుకువచ్చి ఒక్కొక్కరి పాపాలు వినే వ్యవధి లేనప్పుడు అందరికీ కలిపి పాపక్షమాపణ ఇవ్వడానికి శ్రీసభ చట్టం అనుమతిస్తుందంటే, ఈ హక్కును అది ఎంత బలమైనదిగా ఎంచుతోందో ఊహించండి.

విపత్తులో ఈ పని చేసే గురువును ఇంగ్లీషువారు చాప్లిన్ అంటారు. సైన్యానికి, జైలుకు, ఆసుపత్రికి, అగ్నిమాపక దళానికి చాప్లిన్లు ఉంటారు. న్యూయార్క్ అగ్నిమాపక దళానికి చాప్లిన్‌గా ఉన్న ఫ్రాన్సిస్కన్ గురువు మైకల్ జడ్జ్ 2001 సెప్టెంబరు 11న జంట భవనాల్లో ఒకదాని కింది అంతస్తులో, తన దళంవారి మధ్య ఉండగా చనిపోయారు. ఆనాటి మృతుల జాబితాలో మొదటి నంబరు ఆయనదే. ఆయన మంటలు ఆర్పలేదు, నిచ్చెనలు ఎక్కలేదు. ఆయన పని అక్కడ ఉండడం, ప్రార్థించడం. ఆయన దేహాన్ని మోసుకువచ్చినవారు దానిని దగ్గరలోని పునీత పేతురు దేవాలయంలో పీఠం ముందు ఉంచారు.

మన దగ్గర ఇలా ప్రత్యేకంగా నియమించిన చాప్లిన్లు తక్కువ. తుఫాను వస్తే విచారణ గురువులే చాప్లిన్, లారీలు దింపించేదీ ఆయనే, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేదీ ఆయనే. ఇక్కడే చిక్కు వస్తోంది. బస్తాలు లెక్కపెట్టే మనిషి దగ్గరకు ఏడవడానికి ఎవరు వస్తారు? జాబితా చేతిలో ఉన్న మనిషితో ఎవరూ నిజం మాట్లాడరు, పేరు రాయించుకోవడానికి తగిన మాటలే మాట్లాడతారు. అందుకే అపోస్తలులు బల్లల దగ్గర వడ్డన ఒకరికి, వాక్యసేవ ఒకరికి అప్పగించారేమో. వడ్డన తక్కువ పని అని కాదు. ఒకే చేతిలో రెండూ ఉంటే ఒకదానికి మరొకటి వెల అయి కూర్చుంటుందని. నన్నడిగితే విచారణ గురువులు ఆ 200 బస్తాల జాబితాను తాకకుండా ఉండడమే మేలు.

ఇలా విడదీస్తే ఇంకొక పెద్ద చిక్కు కూడా తీరుతుంది. సహాయం పేరుతో మతం మారుస్తున్నారనే నింద మనమీద ఉంది. చాలాచోట్ల అది అన్యాయమైన నిందే. అయినా మనం అడుగుకోవలసినది ఒకటి ఉంది. బియ్యం బస్తాలో కరపత్రం పెట్టడం, పంచేముందు వరుసలో ఉన్న అందరినీ కళ్లు మూసుకుని ప్రార్థించమనడం, ఇవి సబబేనా? రెండు రోజులుగా పిల్లలకు అన్నం పెట్టలేకపోయిన తల్లి ఏమి చెప్పమంటే అది చెబుతుంది. ఆమె ‘అవును’ అన్నమాటలో ఆమె లేదు, ఆకలే ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న వెలువరించిన మత స్వేచ్ఛ ప్రకటనలో, పేదలతో, చదువురానివారితో వ్యవహరించేటప్పుడు బలవంతపు ఛాయ కూడా పడకుండా మరీ జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించింది. విపత్తు సహాయ సంస్థలకు 1994లో తయారైన ప్రవర్తనా నియమావళిలో, సహాయాన్ని మత, రాజకీయ ప్రయోజనాలకు వాడుకోకూడదన్న నియమం ఉంది. ఆ నియమావళిని ముందుండి తెచ్చినవారిలో రెడ్ క్రాస్‌తో పాటు కారితాస్ కూడా ఉంది. 2005లో జగద్గురువులు 16వ బెనెడిక్టువారు తమ మొదటి విశ్వలేఖలో ప్రేమకార్యాలు మతమార్పిడికి సాధనం కారాదని స్పష్టంగా రాశారు. దేవుని గురించి ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో విశ్వాసికి తెలిసి ఉండాలని కూడా అన్నారు. కేసులకు భయపడి కరపత్రం మానుకుంటే అది జాగ్రత్త మాత్రమే. ఆ తల్లి స్వేచ్ఛకు విలువ ఇచ్చి మానుకుంటే అది విశ్వాసం.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఇతర మతస్థుడే వచ్చి, “అయ్యా, మా నాన్న పోయాడు, ఒక ప్రార్థన చెప్పండి” అని అడిగితే? అప్పుడు నియమావళి చూపించి తప్పించుకునే గురువు కూడా ఉండకూడదు. అడిగింది ఆయన. వినడం, చెప్పడం మన వంతు.

ఇక ఏం మాట్లాడాలన్నది. వాలంటీర్లుగా వెళ్లే మన యువతకు నేను మరీ మరీ చెప్పేది, దేవుని తరఫున వకాల్తా పుచ్చుకోవద్దని. ‘అంతా దేవుని చిత్తం’ అనేస్తాం. ‘ఆ ఊళ్లో పాపం పెరిగింది’ అని చాటుగా అనుకునేవారూ ఉన్నారు. సిలోయములో బురుజు కూలి 18 మంది చనిపోతే, వారు మిగతావారికంటే పాపులా అని ప్రభువే అడిగి, కాదని ఆయనే జవాబు చెప్పారు (లూకా 13). అంతకంటే స్పష్టమైన మాట మనకు ఇంకేం కావాలి? యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. ఎనిమిదో రోజున నోరు విప్పాక అంతా చెడింది.

వేలాంకణి విషయం మన తెలుగు కుటుంబాలకు దగ్గరిది. 2004 డిసెంబరు 26 ఆదివారం, తిరుకుటుంబ పండుగనాడు, క్రిస్మస్ యాత్రకు వచ్చినవారు వందలమంది అక్కడి తీరంలో సముద్రం పాలయ్యారు. నీళ్లు మాత్రం పుణ్యక్షేత్రంలోకి రాలేదు, మెట్ల దగ్గరే ఆగాయి. అది మాత చేసిన అద్భుతమని చాలామంది సాక్ష్యం చెప్పారు. లోపల ఉండి బతికినవాడు మోకరించి కృతజ్ఞత చెబితే కాదనడానికి మనమెవరం? కాని ఆ మాటనే తీరంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు చెప్పి చూడండి. మెట్ల దగ్గర ఆగిన సముద్రం నా బిడ్డ దగ్గర ఎందుకు ఆగలేదని ఆమె అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పే గురువును నేను నమ్మను. కృతజ్ఞత పీఠం ముందు చెప్పుకోవలసినది. శవం ముందు చెప్పేది కాదు.

ఫిలిప్పీన్సులో 2013 నవంబరు 8న వచ్చిన తుఫానులో ఆరువేలమందికి పైగా చనిపోయారు. 2015 జనవరి 17న దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్‌వారు అక్కడి తక్లోబాన్ పట్టణానికి వెళ్లారు. ఆరోజు కూడా గాలివాన. జనమంతా వేసుకున్న పచ్చటి ప్లాస్టిక్ వానకోటే ఆయనా వేసుకుని దివ్యబలిపూజ చేశారు. రాసుకువచ్చిన ప్రసంగం పక్కన పెట్టేశారు. సర్వం పోగొట్టుకున్న మీకు ఏం చెప్పాలో నాకు తెలియదన్న భావంతో మాట్లాడి, సిలువమీది ప్రభువును చూపించారు. పోపుగారికే మాటలు కరువైన చోట మన యువజన సంఘం కార్యదర్శికి మైకు ఎందుకు చెప్పండి?

మళ్లీ జాబితా దగ్గరకు వద్దాం. గీత మతం మీద కాకుండా నష్టం మీద గీస్తే పేటలోని ఆ తండ్రి పేరు ఎక్కడ వస్తుందో చూడండి. ఇల్లు కూలినవారు, సంపాదించే మనిషి పోయినవారు, చంటిపిల్లల తల్లులు, గర్భిణులు, ముసలివారు, వికలాంగులు, రేషన్ కార్డు లేని వలస కూలీలు. ఈ క్రమంలో రాస్తే పల్లపు నేలలో ఉన్న ఆయన ఇల్లు ఎలాగూ పైవరుసలోనే ఉంటుంది. ఆయన పేరు కతోలికుడని రాలేదు, మునిగినవాడని వచ్చింది. ఊరిని వంచించకుండానే ఆయనకు న్యాయం జరిగింది. కాని మేడ ఇల్లున్న మన సంఘ పెద్దగారి పేరు జాబితాలో ఉండదు. కష్టమంతా అక్కడే వస్తుంది, పేటలో కాదు.

పంచేది ఎవరన్నది కూడా ఆలోచించాలి. ఆ ఏడుగురి గ్రీకు పేర్లు గుర్తుచేసుకుంటే, బస్తాలు మోసుకుని ఊళ్లోకి వెళ్లవలసింది పేట యువకులే. మామూలు రోజుల్లో వాళ్ల చేతి మంచినీళ్లు ముట్టని గడపలు ఇప్పటికీ లేవని ఎవరైనా అనగలరా? ఆ గడప ముందు ఆ పిల్లవాడు బస్తా దించితే ఇంటివాళ్లు ఏం చేస్తారు? కొందరు తీసుకుంటారు. కొందరు ‘అక్కడ పెట్టి వెళ్లు’ అంటారు. అలా అన్నా బస్తా పెట్టి రావడం ఆ పిల్లవాడికి చిన్న పని కాదు. అతనికి దివ్యసత్ప్రసాదం ఇచ్చే గురువు ఆ సాయంత్రం అతని పక్కన కాసేపు కూర్చోవాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజులకొద్దీ నీళ్లలో ఉన్నప్పుడు పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు పెద్ద రోడ్డు పక్కవాళ్లకు ఒకటికి రెండుసార్లు చేరి, లోపలి సందులవాళ్లకు చేరకపోవడం టీవీల్లో అందరం చూశాం. మంచి మనసు ఉన్నంతమాత్రాన వాలంటీరు అయిపోడు. నడుంలోతు నీళ్లలో చివరి సందుదాకా పోవాలి. పాత బట్టల మూటలు తీసుకుపోవద్దు. చిరిగిన చీర ఇచ్చి మనం ఖాళీ చేసుకునేది మన బీరువానే. తడిసిపోయిన ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, పదో తరగతి సర్టిఫికెట్టు మళ్లీ తెప్పించుకోవడానికి దరఖాస్తు రాసిపెట్టడం రాగలిగితే, అది పది దుప్పట్లతో సమానం.

ఇక ఫ్లెక్సీలు, ఫోటోలు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనీయవద్దని ప్రభువు చెప్పారని అంటూనే బకెట్టు అందుకుంటున్న స్త్రీ ముఖాన్ని నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నాం. దాతలకు చూపించాలి గదా అంటారు. దాతలకు చూపించవలసింది లెక్క. పౌలు కొరింతీయులనుంచి యెరూషలేముకు చందా తెప్పించినప్పుడు, ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని తీతుతోపాటు సంఘాలు ఎన్నుకున్న సోదరుణ్ణి కూడా పంపాడు (2 కొరింతీ 8). తన దానాన్ని దాచుకోవడం వినయం. ఇతరులు ఇచ్చినదాని లెక్క దాచడం వినయం కాదు. జాబితా నకలు, వచ్చిన బస్తాలు, వెళ్లిన బస్తాలు దేవాలయం తలుపుకు అంటించండి. పంచాయతీ ఆఫీసుకు కూడా ఒకటి ఇవ్వండి.

నలభై రోజులు గడిచాక లారీలు రావు. వాలంటీర్లు కాలేజీలకు వెళ్లిపోతారు. అప్పుడు మిగిలేది విచారణ గురువులు, మఠంలోని కన్యస్త్రీలు, ఇంటింటికీ తిరిగే విన్సెంట్ డి పాల్ సంఘ సభ్యులు. నిద్రపట్టని మగవాళ్లు, తాగుడు మొదలుపెట్టినవాళ్లు, గాలి కొంచెం గట్టిగా వీస్తే వణికే పిల్లలు, వీరంతా అప్పుడే బయటపడతారు. చాప్లిన్ పని నిజానికి ఇక్కడినుంచే మొదలవుతుంది, దానికి నిధులు ఎవరూ పంపరు.

అప్పుడు ఇంకొక జాబితా కూడా వస్తుంది. నవంబరు నెలలో మృతుల కోసం పూజకు పేర్లు రాసి ఇస్తాం గదా, ఆ జాబితా. ఆకలిగొన్నవానికి పెట్టడం మొదలు సువిశేషం చెప్పిన ఆరు దయాకార్యాలకు తోడు, మృతులను సమాధి చేయడాన్ని శ్రీసభ ఏడోదిగా చేర్చుకుంది. తోబీతు భోజనం మధ్యలో లేచిపోయి వీధిలో పడి ఉన్న శవాన్ని దాచి, పొద్దుగుంకాక పూడ్చిన కథ మనకు తెలుసు. తుఫానులో పోయినవారి పేర్లు అక్కడ చదివేటప్పుడు పక్కింటి హిందూ తల్లి పేరు, ముస్లిం జాలరి పేరు చేర్చవచ్చా అని కొందరు అడుగుతుంటారు. దివ్యబలిపూజలో మనం చనిపోయిన విశ్వాసుల కోసమే గాక దేవుని దయలో చనిపోయిన అందరి కోసమూ ప్రార్థిస్తూనే ఉన్నాం, కాబట్టి అడ్డు లేదు. ఆ ఇంటివారిని ముందు అడగాలి, అంతే. వద్దంటే పేరు పైకి చదవవద్దు. సరేనంటే, పూజ ఎన్ని గంటలకో కూడా చెప్పిరండి, వాళ్లు వచ్చి వెనుక బెంచీలో కూర్చోవాలనుకోవచ్చు.